ఊ కొట్టేది ఎవరు?

2025 జూన్ 27న 'కన్నప్ప' సినిమా విడుదలైంది. ఆ ఆదివారం మేము ఏడుగురం రేణిగుంటలో బస్సెక్కి తిరుపతికి పోయి చూశాం. మాలో యానాదులున్నారు, ఎరుకలవాళ్ళున్నారు, ఒక సుగాలి పిల్లవాడున్నాడు. శివుడి సినిమా అనగానే మా పెద్దమ్మ ఒకామె కూడా బయల్దేరింది. ప్రభాస్ తెరమీదికి వచ్చినప్పుడు హాలు దద్దరిల్లింది. మేమూ ఈలలు వేశాం, అందులో దాచుకునేదేమీ లేదు. తిన్నడు కన్ను పెరికి ఇచ్చే చోట మాత్రం చేతులు రెండు రకాలుగా లేచాయి. కొన్ని మొక్కడానికి, కొన్ని ఫోన్లో పట్టుకోవడానికి. తిరుగు బస్సులో పెద్దమ్మ ఒకటే మాట అన్నది.

"మనోడే అంటిరి గదా. మన మాదిరి ఒక్కరూ లేరే అందులో."

ఆ సినిమా బాగుందా, బాగాలేదా అని తేల్చడానికి మేము ఇది రాయడం లేదు. పెద్దమ్మ మాట మమ్మల్ని వేరే దారి పట్టించింది. ఒక కథ ఎవరి ముందు ఆడుతుందో, వాళ్ళను బట్టి ఎట్లా మారుతుంది? ఆ ముందు కూర్చున్న వాళ్ళలో మనం కూడా ఉన్నప్పుడు మన చేతిలో ఏముంటుంది? మన పిల్లలకు పాఠం చెప్పే టీచర్లు, ఇప్పుడిప్పుడే రాయడం మొదలుపెట్టిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ రెండు ప్రశ్నలనూ మాతోపాటు మోయాలని అడుగుతున్నాం.

కన్నప్ప కథ మాకు దూరపు కథ కాదు. రేణిగుంటలో గూడూరు రైలెక్కితే ఏర్పేడు దాటాక శ్రీకాళహస్తి. మా పక్కన పారే స్వర్ణముఖే ఆ గుడి పక్కనా పారుతుంది. 12వ శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలో 'పెరియపురాణం'లో ఈ కథ చెప్పాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి తెలుగులో 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము'లో చెప్పాడు. కథ అందరికీ తెలిసిందే. వేటగాడు తిన్నడు అడవిలో లింగాన్ని చూస్తాడు. నోటినిండా నీళ్ళు తెచ్చి అభిషేకం చేస్తాడు, తలలో తురుముకొచ్చిన పూలు పెడతాడు, కాల్చిన మాంసాన్ని ముందు తాను రుచి చూసి మెత్తటి ముక్కలు నైవేద్యం పెడతాడు. పొద్దున పూజారి వచ్చి చూసి గుండె బాదుకుంటాడు, అంతా కడిగి మళ్ళీ పూజ చేస్తాడు. ఇట్లా రోజూ జరుగుతుంది.

ఇక్కడే మేము ఇన్నేళ్ళూ పట్టించుకోని సంగతి ఒకటుంది. శివుడు పూజారికి కలలో కనిపించి, రేపు నువ్వు దాక్కుని చూడు, వాడి భక్తి ఏమిటో తెలుస్తుంది అంటాడు. పూజారి దాక్కుంటాడు. లింగం కంటిలో రక్తం కారుతుంది. తిన్నడు ఆకులు, మూలికలు తెచ్చి పెడతాడు, ఆగదు. తన కన్ను పెరికి పెడతాడు. రెండో కంటిలోనూ రక్తం మొదలవుతుంది. చోటు తెలియడానికి కాలు ఆనించి, ఉన్న ఒక్క కన్నూ తీయబోతుంటే శివుడు ఆపుతాడు.

అంటే ఈ కథలోనే ఒక ప్రేక్షకుడున్నాడు. తిన్నడికి ఆ సంగతి తెలియదు. వాడు ఎవరికీ చూపించడానికి చేయడం లేదు. కానీ దాక్కున్నవాడు చూడకపోతే వాడు భక్తుడని లోకానికి తెలిసేది కాదు. అడవివాడి ప్రేమకు విలువ రావాలంటే చదువుకున్నవాడు ఒకడు చాటుగా కూర్చుని చూసి, అవును నిజమే అనాలి. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ళుగా ఈ కథ విన్నవాళ్ళమంతా ఆ పూజారి వెనకాల, అతని భుజం మీదుగా తొంగిచూసినవాళ్ళమే. తిన్నడి పక్కన నిలబడి చూసిన వాళ్ళు ఎక్కడున్నారు? వాడికి తల్లీ తండ్రీ ఉన్నారు, వేటకు కూడా వచ్చిన స్నేహితులున్నారు. పురాణంలో వాళ్ళు మధ్యలోనే వెనక్కి వెళ్ళిపోతారు. కన్ను ఇచ్చే వేళకు తనవాళ్ళు ఒక్కరూ అక్కడ లేరు.

చాటునుంచి చూడబడటం మనకు పురాణంలోనే ఆగిపోలేదు. 1909లో థర్‌స్టన్ దొర దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో యానాదుల గురించీ ఎరుకల గురించీ పేజీలకు పేజీలున్నాయి, ఫోటోలున్నాయి. ఇక 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ పట్టీలో పేరెక్కిన ఎరుకల కుటుంబాలు వేళకు పోలీసు ముందు నిలబడి హాజరు పలకాలి. 1952లో ఆ చట్టం పోయింది. చూపు పోయిందా అంటే, రాత్రిపూట రేణిగుంట ప్లాట్‌ఫారం మీద గంపతో కూర్చున్న ఎరుకలామెను అడగండి.

సరే, సినిమాల దగ్గరికి వద్దాం. కన్నప్ప కథ తెరకెక్కడం కొత్త కాదు. 1954లో కన్నడంలో 'బేడర కన్నప్ప', తెలుగులో 'కాళహస్తి మహాత్యం' వచ్చాయి. రెండింటిలోనూ రాజ్‌కుమారే. మా అమ్మానాన్నల తరానికి కన్నప్ప అంటే మాత్రం 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప', అందులో కృష్ణంరాజు. ఆ సినిమాలో పూజారి రావు గోపాలరావు. పురాణంలో పూజారి చెడ్డవాడు కాడు. అతని బాధ నిజం, అతని పూజ నిజం. సినిమాకు వచ్చేసరికి అతడు దొంగ భక్తుడయ్యాడు. ఎందుకయ్యాడు? నేల టికెట్టు కొన్నవాడి కోసమని మేము అనుకుంటున్నాం. గుడి మెట్ల దగ్గర ఆపేస్తే నిలబడిపోయినవాడు ఆ హాల్లో కూర్చుని, పెద్ద గొంతుతో నీతులు చెప్పే పూజారిని చూసి కడుపారా నవ్వాడు. బయట దొరకని హక్కు లోపల అర్ధరూపాయికో రూపాయికో దొరికింది. ప్రేక్షకుడు కథను మార్చగలడనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు తెలియదు.

అదే సినిమాలో ఇంకొకటీ ఉంది. మొదట కిరాతార్జునీయం వస్తుంది. శివుడు వేటగాడి వేషంలో వచ్చి అర్జునుడితో కొట్లాడతాడు. ఆ అర్జునుడే తర్వాత తిన్నడై పుడతాడు. ఈ మాట బాపు కల్పించింది కాదు, జనంలో వినిపించేదే. కానీ అది ఎవరికి ఊరట? అడవిలో పుట్టినవాడు అంత గొప్ప పని చేశాడంటే నమ్మలేనివాళ్ళకు, పోనీలే, పోయిన జన్మలో క్షత్రియుడు కదా అని ఒక మెత్తటి దిండు వేసినట్టు. ముందు వరసలో నేల మీద ఉన్నవాడికి పూజారిని చూసి నవ్వే అవకాశం, వెనక కుర్చీలో ఉన్నవాడికి ఈ దిండు. సినిమా ఇద్దరినీ ఒప్పించింది. ఆ సినిమా అంతకాలం నిలబడటానికి పాటలతోపాటు ఇదీ ఒక కారణమనే మా అభిప్రాయం.

2025 కన్నప్పకు వచ్చేసరికి నేల టికెట్టే లేదు. అడవిని న్యూజిలాండ్‌లో తీశారు. శివుడు అక్షయ్‌కుమార్, కిరాతుడు మోహన్‌లాల్, రుద్రుడు ప్రభాస్. ఒక్కో భాష ప్రేక్షకుడికి ఒక్కో స్టార్. పూజారి మహాదేవశాస్త్రి వేషం మోహన్‌బాబుది, అంటే తిన్నడి వేషం వేసిన విష్ణు తండ్రిది. దాక్కుని చూసినవాడికి ఇప్పుడు హీరోతో సమానమైన ఎత్తు వచ్చింది. ఆ లెక్కలో పెద్దమ్మకు వేసిన వాటా ఏదీ లేదు. ఆమె అన్నది అందుకే. తన మాదిరి వాళ్ళు తెరమీద లేకపోవడానికి కారణం, తన మాదిరి వాళ్ళు హాల్లో ఉంటారని తీసినవాళ్ళు అనుకోకపోవడమే.

ఇక్కడ మాలో ఒకరు అడ్డం పడ్డారు. "అంత అన్యాయమైతే ఈల ఎందుకేశావు?" అని. నిజమే. ఈల వేస్తే బాగుంటుంది. పక్కన ఎవరో తెలియని వెయ్యిమంది మనతోపాటు అరుస్తుంటే, ఆ కాసేపు మనల్ని ఎవరూ ఏ కులం అని అడగరు. సినిమా హాలు మనకిచ్చింది తక్కువేమీ కాదు. కానీ ఈలకు జవాబు రాదు. తెరమీద మనిషికి మన ఈల వినపడదు.

వినపడే చోట్లు మన చుట్టూ ఇంకా ఉన్నాయి. ఎండాకాలంలో చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం పెడతారు. పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం. అర్జునుడి తపస్సు నాడు వేషగాడు నిలువెత్తు మాను మీదికి ఒక్కో మెట్టూ పద్యం పాడుకుంటూ ఎక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్ళు తడి బట్టలతో బోర్లా పడుకుని ఉంటారు. అతడు పైనుంచి నిమ్మకాయలు, విభూది, పూలు విసురుతాడు. కింద ఆ ఆడవాళ్ళు లేకపోతే పైన అర్జునుడు లేడు. వాళ్ళను ప్రేక్షకులనాలా, పాత్రలనాలా? వాళ్ళు చూడటానికి రాలేదు, అడగటానికి వచ్చారు.

అయితే ఆ నాటకాలనూ మేము నెత్తిన పెట్టుకోం. రాత్రి నాటకంలో పద్యం బాగుంటే జనం 'వన్స్‌మోర్' అంటారు, వేషగాడు మళ్ళీ పాడతాడు. చదివింపులు చదివించిన వాళ్ళ పేరు హాస్యగాడు గట్టిగా పలుకుతాడు. డబ్బు చదివించేది ఎవరో, వన్స్‌మోర్ అనేది ఎవరో, ఆట వాళ్ళ వైపు తిరుగుతుంది. ఎరుకల వేషం వచ్చినప్పుడు అది బాగా తెలుస్తుంది. గంప, పూసలు, వంకర మాట, నవ్వు. ఐదు నిమిషాల వేషం జనం నవ్వేకొద్దీ సాగుతుంది, మొరటు మాటలు పెరుగుతాయి. మా తాత ఒకాయన ఆ వేషం రాగానే లేచి బీడీ తాగడానికి పోయేవాడట. అది కూడా ఒక ప్రేక్షకుడి మాటే. కానీ చీకట్లో ఒక మనిషి లేచిపోతే ఎవరు చూస్తారు?

విచిత్రం ఏమిటంటే, ఈ సీమలో దేవుళ్ళకు మన వేషమే కావాలి. శివుడు అర్జునుడి కోసం వేటగాడయ్యాడు. నారాయణవనంలో ఆకాశరాజు ఇంటికి శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం వేసుకుని పోయి పద్మావతి పెళ్ళి మాట కదిపాడు. వేషానికి హారతి, మనిషికి ఛీత్కారం.

ఆ ఎరుకలసాని దగ్గరే మేము ప్రేక్షకుల గురించి ఎక్కువ నేర్చుకున్నాం. సోది చెప్పే అవ్వ మొదట కంచి కామాక్షినీ మధుర మీనాక్షినీ బెజవాడ కనకదుర్గనూ పిలుస్తుంది. ఎదుటి ఆమె చెయ్యి పట్టుకుని చిన్న కర్రతో తాకుతూ మాట మొదలుపెడుతుంది. వినే ఆమె ఊ అనాలి. ఆ ఊ వెంటనే వస్తే దారి సరైనదని అవ్వకు తెలుసు. ఆలస్యంగా వస్తే ఇంకో దారి పడుతుంది. ఊ అనకుండా కళ్ళు దించుకుంటే గొంతు తగ్గిస్తుంది. అరగంటలో ఆ ఇల్లాలు ఎవరితోనూ చెప్పుకోలేని దుఃఖం బయటికొస్తుంది. దాన్ని మోసమనేవాళ్ళు అనొచ్చు. భవిష్యత్తు తెలుస్తుందని మేమూ అనడం లేదు. ఎదుటి మనిషిని అంత శ్రద్ధగా వినే కళ ఇంకెక్కడుంది అన్నదే మా మాట. అక్కడ కథ ఇద్దరిది. ఊ కొట్టే ఆమె సగం కర్త.

తిరుపతి గంగమ్మ జాతర ఇంకొంచెం ముందుకు పోతుంది. తాతయ్యగుంట గంగమ్మకు మే నెలలో వారం రోజులు వేషాలు కడతారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. మొక్కున్నవాడు ఎవడైనా వేషం కట్టొచ్చు. మగవాళ్ళు చీర కట్టుకుని జడ వేసుకుని వీధుల్లో తిరుగుతారు. వేషగాడు బూతులు తిడితే తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు. ఈ ఏడు తిట్టించుకున్నవాడు వచ్చే ఏడు వేషం కట్టి తిట్టొచ్చు. చూసేవాడికీ చేసేవాడికీ మధ్య గీత అక్కడ మొక్కుతో చెరిగిపోతుంది.

ఆ జాతరనే 2024 డిసెంబర్ 5న 'పుష్ప 2' దేశమంతా చూపించింది. చీర కట్టిన అల్లు అర్జున్ ఆట మాకు నచ్చింది, రెండుసార్లు చూసినవాళ్ళమూ ఉన్నాం. కానీ రెండోసారి చూసినప్పుడు మా కళ్ళు చుట్టూ ఉన్న జనం మీదికి పోయాయి. మన రంగు మనుషులు, మన మాదిరి పసుపు ముఖాలు. వాళ్ళకు మాట లేదు, మొక్కు లేదు. వాళ్ళ పని అతన్ని చూడటం. మన మాదిరి వాళ్ళు హీరోను చూస్తుంటే, ఆ చూడటాన్ని మనం టికెట్టు కొని చూశాం. విడుదలకు ముందు రాత్రి హైదరాబాదులో తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు బతుకుల మధ్యకు పోయాడు. తెరమీది కథేమో మా శేషాచలం ఎర్రచందనం కథ. అదే అడవిలో 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. వాళ్ళలో జవ్వాది కొండల గిరిజన కూలీలున్నారు. దుంగ మోసేవాడు తెరమీద హీరో అయితే చప్పట్లు కొట్టిన చేతులు మనవే. అడవిలో పడిపోయిన వాళ్ళ పేర్లు మాలో ఒక్కరికీ తెలియవు. ఇది మేము మమ్మల్నే అంటున్నాం.

ఆటల మాట కొంచెం. 2020లో కరోనా భయంతో ఐపీఎల్‌ను అరబ్ ఎమిరేట్స్‌లో ఖాళీ కుర్చీల మధ్య ఆడించారు. టీవీలో చూసేవాళ్ళకు చప్పగా ఉంటుందని రికార్డు చేసిన జనం కేకలు వినిపించారు. మనుషులు అక్కర్లేదు, వాళ్ళ కేక చాలు. దీనికి ఎదురుగా మలావత్ పూర్ణను తలుచుకుంటాం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, లంబాడా బిడ్డ, గురుకులంలో చదువు. 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. అక్కడ చప్పట్లు కొట్టేవాడు లేడు. కింద ఎవరూ ఊ అనకపోయినా ఆ అడుగు ఆగలేదు. మన ఊరి కబడ్డీ బరి దగ్గర మాత్రం మన కుర్రాడు ముగ్గుర్ని ముట్టి వస్తే "యానాదోడు భలే ఆడినాడే" అంటారు. మెచ్చుకోలే అది. పేరు పెట్టి మెచ్చుకుంటే ఇంకా బాగుండును. పక్కనున్న మనం ఆ పేరు గట్టిగా అరవచ్చు. ఒకరిద్దరు అరిచిన చోట పది నిమిషాల్లో బరి అంతా అదే పేరు అరిచింది, మేము చూశాం.

ఇప్పుడు టీచర్లతో ఒక మాట. మాలో ఒకరు చదివిన బడిలో, పేరెందుకు, వార్షికోత్సవానికి 'కోయ డాన్సు' పెట్టారు. సినిమా పాటకు. మొలకు ఆకులు, ముఖానికి మసి, నెత్తిన ఈకలు, అర్థం లేని కేకలు. పిల్లలందరికీ మసి పూస్తున్న అయ్యవారు మావాడి దగ్గరికి వచ్చి, "నీకు పూయక్కర్లేదులేరా" అన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. వెనక వరసలో నిలబడి ఉన్న వాడి అమ్మ, కొడుకు స్టేజీ ఎక్కాడని మురిసిపోయి నవ్వింది. ఆ రోజు అక్కడ నవ్వనివాళ్ళు ఒక్కరూ లేరు. ఇరవై ఏళ్ళ తర్వాత వాడు మా దగ్గర ఈ సంగతి చెప్పినప్పుడు, తప్పు అయ్యవారిదని చెప్పలేదు. "ఎవురన్నా ఒకరు నవ్వకుండా ఉండుంటే బాగుండు" అన్నాడు.

ఆ డాన్సు ఇంకా ఆగలేదు. అది ఆడే పిల్లలకు కోయలంటే ఎవరో, వాళ్ళు ఎక్కడుంటారో, ఏ భాష మాట్లాడతారో తెలియదు. తెలుసుకోమని చెప్పేవాళ్ళూ తక్కువే. చప్పట్లు వస్తాయి కాబట్టి పెడతారు. చప్పట్లు ఆగితే పెట్టరు.

ఈ మధ్య మాలో టీచరుగా పనిచేసే ఒకామె హాస్టల్ పిల్లలకు కన్నప్ప కథ చెప్పింది. రాత్రి, కరెంటు పోయింది. పిలకాయలు చుట్టూ కూర్చుని వరసగా ఊ కొడుతున్నారు. నోట్లో నీళ్ళు తెచ్చాడు, ఊ. మాంసం రుచి చూశాడు, ఊ. పూజారి లింగం చాటున దాక్కున్నాడు, ఊ. తిన్నడు బాణం తీసుకుని కన్ను పెరికాడు అన్నప్పుడు ఊ రాలేదు. నాలుగో తరగతి పిల్ల ఒకతె అడిగింది.

"టీచర్, ఆ సామి అక్కడే ఉన్నాడు గదా. వచ్చి చెయ్యి పట్టుకోకూడదా?"

మా టీచరమ్మ దగ్గర జవాబు లేదు. పిలకాయలే తలా ఒకటి చెప్పారు. భయపడినాడని ఒకడు. దేవుడు చూడమన్నాడు కాబట్టి కదల్లేదని ఇంకొకడు. మూలన కూర్చున్న పిల్లవాడు చాలాసేపు ఆగి, "ఆ కన్ను వాళ్ళోడిది కాదు గదా" అన్నాడు.